లంబసింగి చలిలో ఇంటిల్లిపాదీ: మా మొదటి టెంటు యాత్ర

డిసెంబరులో లంబసింగికి వెళ్లేవాళ్లలో చాలామంది అర్ధరాత్రి విశాఖలో కారెక్కి, తెల్లవారుజామున కొండ మీదికి చేరి, మంచులో ఫొటోలు దిగి, పదింటికల్లా కిందికి దిగిపోతారు. అక్కడి చలి అసలు సంగతి తెలిసేది మాత్రం రాత్రి అక్కడ పడుకున్నవాళ్లకే. పిల్లలకి సెలవులు కలిసొచ్చాయి, అత్తయ్య కూడా వస్తానన్నారు. సరే, ఈసారి టెంటు వేసుకుని అక్కడే పడుకుందాం అనుకున్నాం. మా ఇంట్లో అంతకుముందు టెంటులో పడుకున్నవాళ్లు ఎవరూ లేరు.

చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో మొదటిసారి ఇలా వెళ్లేవాళ్లకి నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది. డబ్బు పెట్టినా, శ్రద్ధ పెట్టినా ముందుగా రాత్రి పడుకునే పక్క మీద పెట్టండి. అందులోనూ పైన కప్పుకునేదాని కంటే కింద పరుచుకునేదాని మీద. స్టవ్వూ, లైట్లూ, కుర్చీలూ ఇంట్లో ఉన్నవాటితో సర్దుకుపోవచ్చు. రాత్రి నిద్ర పట్టకపోతే మాత్రం పొద్దున సూర్యోదయం ఎంత బాగున్నా పిల్లలు ఏడుస్తూనే ఉంటారు.

బయలుదేరే ముందు

టెంటు పెట్టె మీద 'నలుగురికి' అని రాసి ఉంటే, నలుగురూ భుజాలు ఆనించుకుని పడుకుంటే సరిపోతుందని అర్థం. మనిషికి ఇంచుమించు రెండడుగుల వెడల్పు లెక్క. సంచులు, స్వెటర్లు, నిద్రలో అడ్డం తిరిగే పిల్లలు ఆ లెక్కలో ఉండరు. ఉన్న మనుషులకి ఇంకో ఇద్దర్ని కలుపుకుని టెంటు చూసుకోవాలి. మేం ఐదుగురం కాబట్టి ఎనిమిది మందిది తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకున్నాం. మొదటిసారికి టెంటు కొనక్కర్లేదు. అరువు దొరక్కపోతే అద్దెకి దొరుకుతుంది. ఒకసారి వెళ్లొస్తేగానీ మనకి ఎలాంటిది కావాలో తెలియదు.

టెంటు రెండు పొరలది అయితే మంచిది. లోపల గాలాడే గుడ్డ, దాని పైన నీళ్లు దిగని కప్పు. ఐదుగురి ఊపిరిలోని తేమ రాత్రంతా చల్లటి గుడ్డకి తగిలి నీళ్లవుతుంది. ఒంటిపొర టెంటులో అవి నేరుగా దుప్పట్ల మీద పడతాయి. రెండు పొరలుంటే బయటి కప్పు లోపలి వైపు నుంచి జారి కిందికి పోతాయి. చలని చెప్పి గాలి కిటికీలు పూర్తిగా మూసేస్తే తేమ ఇంకా ఎక్కువవుతుంది. కాస్త తెరిచి ఉంచాల్సిందే.

ప్రయాణానికి ముందు వారం మా మేడ మీద టెంటు వేశాం. డాబా మీద మేకులు దిగవు కదా, నాలుగు మూలలా ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లకి తాళ్లు కట్టాం. ఆ రాత్రి అందరం అందులోనే పడుకున్నాం. ఎవరూ ఈ పని మానొద్దు. మా అమ్మాయికి చీకట్లో జిప్పు ఎక్కడుందో దొరకలేదు. మా అబ్బాయి రెండుసార్లు లేచి చెప్పులు వెతుక్కున్నాడు. అత్తయ్యకి నేల మీంచి లేవడం కష్టమైంది, మోకాళ్లు పట్టేశాయి. ఇవన్నీ కొండ మీద అర్ధరాత్రి కాకుండా ఇంట్లోనే బయటపడ్డాయి. జిప్పు కొసకి తెల్ల రిబ్బను కట్టాం. పిల్లలిద్దరికీ చెరో చిన్న టార్చి, మెడలో వేసుకునేలా తాడుతో. చెప్పులకి గుమ్మం లోపల ఎడమపక్కన ఒక ట్రే. అత్తయ్యకి మడత మంచం. దాని ఇనుప కాళ్లు టెంటు అడుగు గుడ్డని చించకుండా పాత హవాయి చెప్పుల్ని ముక్కలు కోసి కాళ్ల కింద పెట్టాం.

ఇక పక్క సంగతి. స్లీపింగ్ బ్యాగులో వెచ్చదనం ఇచ్చేది లోపలి దూది మధ్య నిలిచిన గాలి. మనం పడుకోగానే ఒంటి బరువుకి వీపు కింద ఉన్న దూది అణిగిపోతుంది, ఆ గాలి ఉండదు. ఎంత ఖరీదైన బ్యాగైనా అడుగున పల్చటి గుడ్డతో సమానమే. అక్కడి నుంచి ఒంట్లో వేడిని నేల రాత్రంతా లాగేసుకుంటుంది. అందుకే కింద ఫోమ్ చాప కావాలి. యోగా చాప ఒకటి చాలదు, రెండు వేసినా అంతంతే. గాలి కొట్టే పరుపు మెత్తగా ఉంటుంది కానీ అందులో గాలి కదులుతూ ఉంటుంది కాబట్టి చలికాలానికి అదొక్కటీ పనికిరాదు. దాని మీద మందపాటి బొంత పడాలి. మంచం మీద పడుకునేవాళ్లకి నేల తగలదు కదా అనుకుంటాం. మంచం కింద తిరిగే చల్లగాలి నేలకంటే ఏం తక్కువ కాదు. అత్తయ్య మంచానికి ఫోమ్ చాప, దాని మీద ఆవిడే పాత చీరలతో కుట్టిన బొంత వేశాం.

స్లీపింగ్ బ్యాగు కొనేటప్పుడు దాని మీద రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి. 'కంఫర్ట్' అని రాసినదే చూడండి. 'లిమిట్' అంటే ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడిపేయగలిగే హద్దు. లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పది డిగ్రీల కిందికి రావడం మామూలే, ఒక్కోసారి ఐదుకీ దిగుతుంది. కంఫర్ట్ ఐదు డిగ్రీలున్న బ్యాగు తీసుకుంటే ధైర్యంగా ఉండొచ్చు. చిన్నపిల్లల్ని పెద్దవాళ్ల బ్యాగులో పడుకోబెడితే కాళ్ల దగ్గర ఖాళీ మిగిలి, ఆ గాలిని వేడెక్కించలేక వణుకుతారు. మిగిలిన భాగాన్ని మడిచి కిందికి దోపేస్తే సరిపోతుంది.

బట్టల విషయంలో జీన్స్ ఇంట్లోనే వదిలేయండి. తడిస్తే రెండు రోజులైనా ఆరవు. ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఊలు స్వెటర్, పైన గాలి దూరని జాకెట్. మంకీ క్యాపులు ఉండాలి. పడుకోవడానికి మాత్రమే వాడే పొడి సాక్సు మనిషికో జత, విడిగా ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టుకోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పిల్లలకి నిద్ర పట్టిందంటే సగం ఈ సాక్సు వల్లే.

అత్తయ్య బీపీ మాత్రలు రెండు పొట్లాలు చేసి రెండు వేర్వేరు సంచుల్లో పెట్టాను. ఒక సంచి కనబడకపోయినా టెన్షన్ ఉండదు.

మొదటి రోజు

పొద్దున్నే బయలుదేరాం. అనకాపల్లి దాటాక తాళ్లపాలెం దగ్గర హైవే వదిలి నర్సీపట్నం దారి పట్టాలి. పెట్రోలు, డబ్బు, కూరగాయలు, తాగే నీళ్లు అన్నీ నర్సీపట్నంలోనే చూసుకోవాలి. పైకి ఎక్కాక సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది, ఫోను చెల్లింపుల మీద ఆధారపడకూడదు. అక్కడి నుంచి లంబసింగి ఇంచుమించు ముప్పై కిలోమీటర్లు, చివర్లో ఘాట్. మలుపులు మొదలయ్యే ముందు పిల్లలకి కడుపునిండా పెట్టలేదు. మరమరాలు, బత్తాయి తొనలు, అంతే. మా అమ్మాయికి కారులో తిప్పుతుంది, అందుకే దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా కొండ కేసి చూస్తూ ఉండమన్నాం.

మూడింటికల్లా చేరాం. డిసెంబరులో ఐదున్నరకి పొద్దు వాలిపోతుంది, కొండల నడుమ ఇంకా ముందే నీడ పడుతుంది. మొదటిసారి టెంటు వేసేవాళ్లకి చేతిలో రెండు గంటల వెలుతురు ఉండాలి. రాత్రిపూట ఘాట్ ఎక్కి, పొగమంచులో టార్చి పట్టుకుని టెంటు వేయడం పిల్లలతో అయ్యే పని కాదు.

ఎక్కడ పడితే అక్కడ టెంటు వేయకూడదు. రిజర్వు ఫారెస్టులో అటవీ శాఖ అనుమతి లేకుండా దిగడం నేరం. పొలమైతే ఆ రైతుని అడగాలి. మేం తెలిసినవాళ్ల ద్వారా ముందే మాట్లాడుకుని, ఇంటిని ఆనుకుని ఉన్న ఒక తోటలో దిగాం. చూసుకున్నది ముఖ్యంగా మరుగుదొడ్డి ఉందా అన్నదే. ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబానికి సీనరీ కంటే అది ముందు. నీళ్లకి దగ్గరగా, పల్లంలో వేద్దామని పిల్లలు గోల పెట్టారు. చల్లగాలి బరువు కాబట్టి రాత్రికి పల్లానికే దిగి నిలుస్తుంది, మంచు కూడా అక్కడే ఎక్కువ. కాస్త మెరకగా, నీళ్లు నిలవని చదును చూసుకున్నాం. పైన ఎండు కొమ్మలున్న చెట్టు లేకుండా, కోసిన వరిచేను గట్లకి దూరంగా. గట్లలో ఎలుక బొరియలుంటాయి, ఎలుకలున్నచోటికి పాములొస్తాయి.

టెంటు పరుస్తుంటే ఆ ఇంటావిడ వచ్చి కాసేపు చూశారు. "కింద గడ్డెయ్యండమ్మా, నేల్లోంచి సలి లాగేస్తాది" అన్నారు. అప్పుడే కోతలు అయిపోయి కళ్లంలో వరిగడ్డి కుప్ప వేసి ఉంది. ఆవిడే నాలుగు మోపులు ఇచ్చారు. రాళ్లూ పుల్లలూ ఏరేసి, గడ్డిని జానెడు మందాన పరిచాం. తొక్కితే మెత్తగా దిగి, కాలు తీస్తే మళ్లీ పైకి లేస్తోంది. ఒక్కో గడ్డిపోచ లోపల బోలు, ఆ బోల్లో గాలి. దాని మీద టార్పాలిన్, దాని మీద టెంటు. టార్పాలిన్ అంచులు టెంటు కంటే బయటికి రాకుండా లోపలికి మడిచాం. బయటికి వస్తే పైనుంచి జారే మంచునీళ్లు దాని మీద చేరి టెంటు కిందికి వస్తాయి. నేను ఇంతవరకు చెప్పిన ఫోమ్ చాపల లెక్కంతా ఆ కొండ మీద మనుషులకి ఎప్పటినుంచో తెలుసు. గడ్డికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పిల్లలకి తెచ్చిన చేగోడీల డబ్బా ఒకటి వాళ్ల పిల్లలకి ఇచ్చాం.

కింద గడ్డి ఉంది కాబట్టి నెగడు బాగా దూరంగా, గాలికి రవ్వలు టెంటు మీదికి రాని వైపు వేసుకున్నాం. ఒక్క నిప్పురవ్వ చాలు నైలాన్ గుడ్డకి చిల్లు పడటానికి. పక్కన బకెట్టు నీళ్లు పెట్టుకున్నాం. రాత్రి భోజనం వండలేదు. పులిహోర, చపాతీలు, బంగాళాదుంప వేపుడు ఇంటి నుంచే తెచ్చాను. మొదటి రాత్రి వంట పెట్టుకుంటే ఇల్లాలికి విసుగు, పిల్లలకి ఆకలి తప్ప ఏమీ మిగలదు. పాలు మాత్రం కాచి, మిరియాలు, పసుపు వేసి అందరికీ ఇచ్చాను.

ఆ రాత్రి

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. చలి ఎక్కువగా ఉందని కుంపటి గానీ, బొగ్గులు గానీ, గ్యాస్ స్టవ్వు గానీ టెంటు లోపలికి తేకూడదు. కారు అద్దాలు మూసి లోపల పెట్టుకోకూడదు. మంట ఆరిపోయి ఎర్రటి నిప్పులే మిగిలినా వాటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లకి తెలియకుండానే ప్రాణం పోతుంది. గది తలుపులు బిగించి కుంపటి పెట్టుకుని పడుకున్న కుటుంబాల వార్తలు చలికాలంలో మనం చదువుతూనే ఉంటాం. అత్తయ్యకి చేతులు చల్లబడుతుంటే పక్కింటివాళ్లు మంచి మనసుతో కుంపటి తెచ్చిచ్చారు. దాన్ని బయటే ఉంచి, దాని దగ్గర చేతులు కాచుకుని ఆవిడ లోపలికి వచ్చారు.

దాని బదులు వేడినీళ్లు వాడాం. స్టీలు సీసాల్లో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, సాక్సులోకి దూర్చి ఒక్కొక్కరి కాళ్ల దగ్గర పెట్టాం. పడుకునే ముందు అందరూ బాత్రూముకి వెళ్లొచ్చి, పొడి బట్టలు, పొడి సాక్సు వేసుకున్నారు. సాయంత్రం నుంచి తెల్లవారేదాకా దోమలు కుట్టకుండా ఒడోమాస్ రాసుకున్నాం, చలిలో దోమలుంటాయా అని పిల్లలు అన్నా సరే. ఈ కొండలున్న పాడేరు ఏజెన్సీలో, అంటే ఇక్కడి గిరిజన ప్రాంతంలో, మలేరియా పాత సమస్య, అది తెచ్చే దోమ కుట్టేది రాత్రివేళే.

పన్నెండింటిదాకా అందరికీ మంచి నిద్ర పట్టింది. తెల్లవారుజామున నాలుగు తర్వాత చలి ఇంకో మెట్టు దిగింది. మా థర్మామీటరు టెంటు బయట ఏడు చూపిస్తోంది. అత్తయ్య లేచి కూర్చుని, "వీపు మాత్రం వెచ్చగానే ఉందే అమ్మాయ్, ముక్కే గడ్డ కడుతోంది" అన్నారు. మంకీ క్యాపు కిందికి లాగి, శాలువా మొహం మీదుగా కప్పాను. పిల్లలు కదల్లేదు.

రెండో రోజు

పొద్దున స్టవ్వు మొరాయించింది. చిన్న డబ్బాల్లో వచ్చే బ్యూటేన్ గ్యాస్ చలికి సరిగ్గా ఆవిరవదు, సున్నా డిగ్రీల దగ్గరికి వస్తే దాదాపు రానే రాదు. ఏడు డిగ్రీల్లో మంట నీలంగా సన్నగా వణుకుతోంది. మావారు డబ్బా తీసి చంకలో పెట్టుకుని పది నిమిషాలు అటూ ఇటూ నడిచారు, తర్వాత బాగానే మండింది. అలా ఒంటి వేడితోనే వేడి చేయాలి, మంట దగ్గర పెట్టకూడదు. రాత్రి పడుకునేటప్పుడు దుప్పట్లో చుట్టి పెట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఉప్మారవ్వ ఇంట్లోనే తాలింపుతో సహా వేయించి డబ్బాకెత్తి తెచ్చాను, వేడినీళ్లు పోసి మూత పెట్టడమే. రాగిజావ కూడా కాచాను. బూట్లు వేసుకునే ముందు ప్రతి ఒక్కరూ బోర్లించి దులపాలని పిల్లలకి ముందే చెప్పి ఉంచాం. తేళ్లకి, జెర్రులకి వెచ్చని బూటు ఇష్టం.

మంచు విడేసరికి తొమ్మిది దాటింది. టెంటు మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. ఎండ వచ్చేదాకా ఆగి పొడిగుడ్డతో తుడిచి మడిచాం. గడ్డి తిరిగి కళ్లంలో వేశాం. చెత్తంతా మూటగట్టి కారులో పెట్టుకున్నాం, ఎందుకంటే ఆ ఊళ్లో దాన్ని తీసుకెళ్లే బండి కోసం మనం ఆగి చూడం కదా.

తాజంగి రిజర్వాయర్ దగ్గర్లోనే. దారిలో స్ట్రాబెర్రీ తోటల దగ్గర పిల్లలు దిగి, కోసుకుని తిన్నారు. తర్వాత చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం ఆయుధాల కోసం దాడి చేసిన పోలీసు స్టేషను ఈ ఊరిదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. ఇప్పుడు కారులో ఎక్కుతుంటేనే కడుపులో తిప్పే ఈ కొండల్లో, కాలినడకన రోజుకో స్టేషను. మా అబ్బాయి కారు కిటికీలోంచి కొండలు చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు.

జి.మాడుగుల మీదుగా పాడేరు చేరేసరికి సాయంత్రమైంది. దారి పొడవునా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, నీడలో కాఫీ మొక్కలు. ఇళ్ల ముందు ఎర్రటి కాఫీ పళ్లు ఎండబెట్టి ఉన్నాయి. పాడేరులో గది తీసుకున్నాం. పెద్దవాళ్లు, పిల్లలు ఉన్నప్పుడు మొదటి యాత్రలో వరసగా రెండు రాత్రులు టెంటు వద్దు. ఒక రాత్రి టెంటు, మర్నాడు వేడినీళ్ల స్నానం, మంచం. అప్పుడు పిల్లలు మళ్లీ ఎప్పుడు వెళ్దాం అని అడుగుతారు.

మూడో రోజు

నాలుగింటికి లేచి, సూర్యోదయం చూడటానికి వంజంగి కొండకి. పాడేరు నుంచి దగ్గరే, కానీ కొండ ఎక్కడం నడకే. అత్తయ్య మోదకొండమ్మ అమ్మవారి దర్శనం చేసుకుంటానని మావారితో పాడేరులోనే ఉండిపోయారు. పిల్లల్ని తీసుకుని నేను ఎక్కాను. ఇక్కడ తలకి కట్టుకునే లైటు విలువ తెలిసింది. రెండు చేతులూ ఖాళీగా ఉంటే ఒక్కో చేత్తో ఒక్కో పిల్లని పట్టుకోవచ్చు. ఎక్కేటప్పుడు స్వెటర్లు విప్పించి సంచిలో పెట్టాను, పైకి చేరగానే తొడిగాను. చెమటతో తడిసిన ఒంటికి కొండ మీది గాలి తగిలితే ఇట్టే వణుకు పుడుతుంది.

సూర్యుడు వచ్చేసరికి కింద లోయంతా తెల్లటి మేఘం, పాలకడలి అన్నమాట. కొండకొనలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. పక్కనే రాళ్ల మధ్య ప్లాస్టిక్ గ్లాసులు, చిప్స్ ప్యాకెట్లు. చూస్తే కడుపు మండింది. ఇంత దూరం వచ్చి, ఇంత అందం చూసి, చేతిలోని కవరు అక్కడే పారేసి పోవడానికి మనసెలా వస్తుంది? మా పిల్లలు ఒక సంచి నింపి కిందికి తెచ్చారు.

తిరుగుదారి ఘాట్ దిగి మాడుగుల మీదుగా, ఇది నిన్నటి జి.మాడుగుల కాదు, కొండ కింది ఊరు. గోధుమపాలతో చేసే మాడుగుల హల్వా కొనుక్కుని, చోడవరం దాటి, చీకటి పడకముందే ఇంటికి.

ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా టెంటు సంచిలోంచి తీసి మేడ మీద ఆరేయాలి. తడితో మడిచి పెడితే రెండు మూడు రోజుల్లోనే బూజు పట్టి, వాసన వదలదు. అరువు తెచ్చుకున్నదైతే మరీనూ. స్లీపింగ్ బ్యాగులు విప్పి వేలాడదీయాలి, అణిచి కట్టి ఉంచితే దూది మళ్లీ పొంగదు. పిల్లలకి ఆ రాత్రే తలస్నానం చేయించి చెవుల వెనక, నడుం దగ్గర, చంకల్లో పురుగులేమైనా పట్టాయేమో చూశాను. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిలాంటి చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, కుట్టినచోట నల్లటి చెక్కు కడుతుంది. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా మామూలు జలుబని మాత్ర వేసి ఊరుకోకుండా, ఏజెన్సీలో రాత్రి పడుకుని వచ్చామని డాక్టరు అడగకముందే చెప్పాలి. మలేరియాకైనా, దీనికైనా మందు ఉంది, తొందరగా మొదలుపెట్టాలి అంతే.